కోలుకున్నవారి తోడు

మానసిక జబ్బు నెమ్మదించి ఇంటికి చేరినవారికి మందులతోపాటు మనిషి తోడు కూడా అవసరం. అదే జబ్బు నుండి కోలుకున్న వ్యక్తి, శిక్షణ పొంది ఇచ్చే తోడును పీర్ సపోర్టు అంటారు.

ఇంట్లోవారు పదిసార్లు చెప్పినా మందు వేసుకోనివారు, "నేనూ బాగైందని మానేశాను, జబ్బు తిరగబెట్టింది" అని అనుభవించినవారు చెబితే ఆలోచిస్తారు. వీరు ఓపికగా వింటారు, ఆసుపత్రికి వెంట వస్తారు, మళ్లీ పనికి వెళ్లడానికి ధైర్యం చెబుతారు. విన్న సంగతులు బయటపెట్టరు. మందుల మోతాదు మాత్రం డాక్టరుగారే మార్చాలి.

కుటుంబసభ్యులారా, రోగికి నిద్ర తగ్గినా, మందులు మానినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. చనిపోతానని అంటే ఒంటరిగా వదలకండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.