ఇంటి నిజమైన విలువ ఎంత?

తుకుంలో ఇల్లు కొనదలచిన వారికి ఒకే ఇంటికి మూడు విలువలు వినిపిస్తాయి: అమ్మేవారు చెప్పే ధర, బ్యాంకు అంచనా, మహారాష్ట్ర రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ ప్రకటించే రెడీ రెకనర్ విలువ. మూడూ ఏకీభవించడం అరుదు. రెడీ రెకనర్‌లో ఉండేది ఒక ప్రాంతమంతటికీ నిర్ణయించిన రేటు. ఒక ఇంటి గోడల పగుళ్లు, హక్కుపత్రాల చిక్కులు అందులో కానరావు.

ఇరుగుపొరుగు ఇళ్లు ఏ ధరకు అమ్ముడయ్యాయో రిజిస్ట్రేషన్ శాఖవారి ఇండెక్స్-2లో చూడవచ్చు. అయితే కొందరు అసలు ధరను దస్తావేజులో తగ్గించి రాయించడం వల్ల ఆ ఆధారమూ సందేహాస్పదమవుతున్నది. దస్తావేజు ధర, రెడీ రెకనర్ విలువలలో ఏది ఎక్కువైతే దానిపైనే స్టాంపు సుంకం విధిస్తారు. కనుక ఆ విలువకు దిగువన రాసినా సుంకం తగ్గదు. పైగా రసీదు లేక చేతికిచ్చిన సొమ్ముకు, వివాదం వచ్చిననాడు, రుజువు ఉండదు. చెల్లించిన ధరనే పూర్తిగా రాయించుకొనడం కొన్నవారికి రక్ష, రేపు కొనేవారికి దారిదీపం.