ఏసీ వేస్తే ముక్కు మూయాలా?

కారెక్కి ఏసీ వేయగానే చల్లగాలి కన్నా ముందు తడిబట్ట ముక్కిన కంపు! పోనీ అని సెంటు సీసా పెడితే రెండూ కలిసి మూడో వాసన. అసలు దోషం డ్యాష్‌బోర్డు వెనక ఉంటుంది. చన్నీళ్ల చెంబుకి చెమ్మ పట్టినట్టే, గాలిని చల్లబరిచే కాయిల్ మీదా నీటిబొట్లు చేరతాయి. సముద్రం దగ్గరున్న కోటబొమ్మాళి లాంటి ఊళ్లలో గాల్లో తేమెక్కువ కాబట్టి ఆ తడీ ఎక్కువే. బండి ఆపాక అది ఆరక, దుమ్ముతో కలిసి బూజు పెరుగుతుంది. ఉబ్బసం, ఎలర్జీ ఉన్న పిల్లలకు అది అస్సలు పడదు.

మందు తేలికే. నరసన్నపేట నుంచి హైవే మీద కోటబొమ్మాళి వస్తున్నారనుకోండి. ఊరు ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా ఏసీ ఆపి, బయటిగాలి లోపలికొచ్చేలా మీట మార్చి, ఫ్యాన్ మాత్రం తిరగనివ్వండి. దిగేసరికి కాయిల్ చాలావరకు ఆరుతుంది. కాసేపు ఉక్కపోస్తుంది, ఓర్చుకోవాలి మరి!

ఇప్పటికే కంపు కొడుతుంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. నల్లబడితే మార్చాల్సిందే. ఏసీ ఎంతసేపు ఆడినా కారు కింద నీళ్లు కారట్లేదంటే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. అదీ బాగానే ఉంటే మెకానిక్‌తో కాయిల్ కడిగించండి. తియ్యటి వాసన వస్తే మాత్రం అది బూజు కాదు, కూలెంట్ లీకు కావచ్చు. వెంటనే చూపించండి.