బొమ్మరైలుకు భూమి

బొమ్మరైలనగానే పసిపిల్లల యాట యని తోచుట సహజము. కాని జర్మనీదేశమున హాంబర్గు నగరమందు 2001లో తెఱచిన ప్రదర్శనశాలలో కొండలు, ఊళ్ళు, ఓడరేవులు అసలుకొలతలో 87వ వంతుగా నిర్మింపబడి యున్నవి. మన పూణేలోను 1998 నుండి చిన్నరైళ్ళ ప్రదర్శనశాల యొకటి గలదు. బొమ్మలకొలువున ఇసుక పఱచి, ఆవాలు మొలిపించి పైరుపొలము చూపు మన యిల్లాండ్రకీ విద్య బొత్తిగా క్రొత్తది కాదు. రైలు బజారున దొరకును, భూమి దొరకదు. దానిని మనమే చేసికొనవలయును.

నేను కొందఱు యువకులతో గూడి లింగంపల్లి, నాగులపల్లి, శంకరపల్లి ప్రాంతపు నేలను ఒక బల్లపై నిర్మించుచున్నాను. సికింద్రాబాదు నుండి వాడికి 1874లో తెఱచిన నిజాము కాలపు రైలుదారి యిది. 87వ వంతు లెక్కన మైలుదూరమునకు 60 అడుగులకు పైబడిన చోటు కావలయును. మా బల్ల 16 అడుగులది. పావుమైలుకు కొంచెము మించి పట్టదు. కావున దేనిని చూపవలయునో యను విచారముకంటె దేనిని విడువవలయునో యను విచారమే పెద్దది. మన పట్టాల నడిమి వెడల్పు 5 అడుగుల 6 అంగుళములు. బజారు బొమ్మపట్టాలు ఐరోపావారి 4 అడుగుల 8½ అంగుళముల లెక్కకు చేసినవి. ఈ తేడాను చూపరులలో నూటికొకడు పట్టడు. గుండురాయి తప్పినచో పల్లెవాడు వెంటనే పట్టును.

అందుచేత ఱాతిని గూర్చి కొంత విరివిగా జెప్పెదను. మన గుట్టలకు కొనదేఱిన శిఖరములు లేవు. ఇంచుమించు 250 కోట్ల యేండ్లనాడు భూగర్భమున గట్టిపడిన నల్లసేనపుఱాయి, అనగా గ్రానైటు, కాలక్రమమున బయటపడి నెఱ్ఱెలు విచ్చెను. నెఱ్ఱెలలో నీరు చొచ్చి, మూలలను ముందుగా తినివేయును. అరిగిన పొడి వానకు గొట్టుకొనిపోగా గుండ్లు ఒకదానిపై నొకటి నిలిచిపోవును. కావున బొమ్మ చేయువాడు గుండ్రని ముద్దలు చేసి పేర్చరాదు. అవి లడ్డూలవలె నుండును. ముందు థర్మోకోలు దిమ్మను తీసికొని నెఱ్ఱెలు తిన్నగా గీయవలయును. ప్రక్క గుండ్లలోను ఆ నెఱ్ఱెలు ఒకే దిక్కున సాగవలయును. పిమ్మట మూలలు అరుగదీసి పైపూత పూయవలయును. పూతకు ప్లాస్టరు మంచిదే. కొండపల్లి బొమ్మలవారు వాడు మక్కు, అనగా చింతగింజలపిండి, రంపపుపొట్టు కలిపిన ముద్ద, నా కింకను నచ్చినది. చివరకు వాననీరు జాఱిన నల్లచారలు దిద్దినగాని గుండు గుండు కాదు.

మన్ను మన పొలముదే వాడవచ్చును. 1972లో పటాన్‌చెరు చెంత వెలసిన ఇక్రిసాటు పరిశోధనాక్షేత్రమున ఎఱ్ఱనేల, నల్లరేగడి రెండును గలవు. మా బల్లపైనను రెండును గలవు. మన్నును బాగుగా నెండించి, పలుచని గుడ్డలో వడియగట్టి, అయస్కాంతము త్రిప్పవలయును. ఇనుపరజను మిగిలినచో ఇంజను మోటారులో జొరబడి దానిని చెఱచును. నీరు కలిపిన తెల్లజిగురుతో మన్ను కొంత నల్లబడును గావున వేఱొక చెక్కపై ముందు పరీక్షించుట మేలు. పట్టాల క్రింది కంకర యీ కొలతలో బొంబాయిరవ్వ పలుకంత. అట్లని రవ్వయే వాడరాదు, పురుగు పట్టును. 60 అడుగుల తాడు 8 అంగుళములకు కొంచెము మించును. బజారున దొరకునవి కొబ్బరిచెట్లు. వాని యాకు ఈకవంటిది, తాటియాకు విసనకఱ్ఱవంటిది. కత్తెర చేతబట్టవలసినదే.

ఇంతకంటె గొప్ప చిక్కు కాలముది. బల్ల ఏ సంవత్సరమునకు జెందినదో మొదట నిర్ణయింపవలయును. 1955 అయినచో ఆవిరి యింజను, మోటబావులు. రామచంద్రాపురమున భెల్ కర్మాగార మింకను రాలేదు. 1990 అయినచో పొగగొట్టములు, డీజిలు ఇంజను, రంగుమాఱిన నక్కవాగు. ఆ కలుషితజలముల వ్యాజ్యము సుప్రీంకోర్టున దాఖలైనది ఆ యేడే. బొమ్మవాగులో నీరు పోయరు. అడుగున రంగు వేసి పైన వార్నిషు పొరలు పొరలుగా పోయుదురు. అడుగురంగే నీటిరంగు. చూడ ముచ్చటగా నుండునని మాలో నొక యువకుడు పొగగొట్టములు నిలిపి వాగును తేటగా బూయుదమనెను. అది బొమ్మ గాదు, బొంకని నేనంటిని. తుదకు 1955నే యెంచుకొంటిమి.

అయితే ఆనాటి ఛాయాచిత్రములు మా చేత లేవు. మీవంటి పెద్దల జ్ఞాపకమే మాకు దస్తావేజు. చెఱువు అలుగు తూర్పున నుండెనని ఒక తాత, పడమటనని మఱొక తాత చెప్పిరి. ఏ ప్రక్క వరి పండెను, ఏ ప్రక్క జొన్న వేసిరి అని యిద్దఱిని వేఱువేఱుగా నడిగితిని. వరి తూర్పుననే యని యిద్దఱును జెప్పిరి. తూము అటువైపున్నదని మాత్రము దీనివలన తేలినది. అలుగు సంగతి తేలలేదు. ఆ మూల నింకను జిగురు పోయలేదు.