ఉద్దెర బాకీకీ గడువుంది

మన నాందేడ్ వ్యాపారుల్లో చాలామందికి నిజామాబాద్, హైదరాబాద్ వైపు ఖాతాలున్నాయి. సరుకు నమ్మకం మీద పోతుంది, డబ్బు మాత్రం "పండుగ వెళ్ళాక" అంటూ ఆగుతుంది. మొహమాటంతో ఊరుకుంటే బాకీకి కాలదోషం పడుతుంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం సరుకు బాకీకి సాధారణంగా 3 సంవత్సరాలే గడువు. ఆలోపల బాకీ ఉన్నట్టు బాకీదారు సంతకంతో కాగితం తీసుకుంటే, ఆ తేదీ నుంచి మళ్ళీ 3 ఏళ్ళు. నోటిమాట చాలదు.

చెక్కు బౌన్సయితే సంగతి వేరు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో వ్రాతపూర్వకంగా నోటీసివ్వాలి. స్పీడ్ పోస్టు రశీదు జాగ్రత్త చేయండి. నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము రాకపోతే, ఆపై నెలలోపల కోర్టులో ఫిర్యాదు చేయాలి. "మళ్ళీ వేద్దాం లెండి" అని మెమో మడిచి జేబులో పెట్టుకునేవారిని మా కౌంటరు దగ్గర ఎందరినో చూశాను. వేయవచ్చు, కాని చెక్కు చెల్లేది 3 నెలలే. కేసుకోసం హైదరాబాద్ తిరగనక్కరలేదు. 2015 సవరణ తరువాత, చెక్కును మీ ఖాతాలో వేస్తే ఆ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టే చూస్తుంది. అంటే మన నాందేడే!

సరుకు పంపకముందే ఉద్యమ్ నమోదు చేయించుకున్న చిన్న తయారీదారులకు 2006 చట్టం అండ ఉంది. ఒప్పందం ఎలా ఉన్నా గడువు 45 రోజులు మించరాదు. దాటితే బ్యాంకు రేటుకు 3 రెట్లు చక్రవడ్డీతో ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో అడగవచ్చు. కొని అమ్మే దుకాణదారులకు ఉద్యమ్ నమోదు ఉన్నా ఈ సదుపాయం లేదు. వారికి సివిల్ దావాయే దారి. దానికి బిల్లు, సరుకు ముట్టినట్టు సంతకం, ఖాతా పుస్తకం సిద్ధంగా ఉంచుకోవాలి.