పాత వీడియో గేముల విలువ

ఆళ్ళగడ్డలో అడుగుపెట్టిన వారిని ఉలి చప్పుడు పలకరిస్తుంది. అక్కడి శిల్పి ఒకే కొలతతో, ఒకే శిలతో రెండు విగ్రహాలు మలచినా అవి సరిసమానంగా ఉండవు. కనుకొలకులలోనో, పెదవి విరుపులోనో కొంత భేదం కనిపించక తప్పదు. ఆ విగ్రహం విలువ శిల్పి చేతిలోనే పుట్టింది. కర్మాగారంలో వేలుగా, లక్షలుగా తయారయ్యే వస్తువుకు ఆ భాగ్యం లేదు. అయినా అటువంటి వస్తువులు కొన్ని ముప్పై నలభై ఏళ్ళు గడిచేసరికి అపురూపాలై, గొప్ప శిల్పాలను మించిన మూల్యం పలుకుతున్నాయి. పాత వీడియో గేముల సంగతి ఇటువంటిదే.

1983లో జపానుకు చెందిన నింటెండో సంస్థ టెలివిజనుకు తగిలించి ఆడుకొనే యంత్రాన్ని విడుదల చేసింది. ప్రతి ఆటా కార్ట్రిడ్జి అనే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. దానిని యంత్రంలో గుచ్చితే ఆట మొదలవుతుంది. మన దేశంలో ఆ సంస్థ అనుమతితో 'సమురాయ్' అనే పేరుతో ఈ యంత్రం అమ్ముడయింది. కాని 1990 దశకంలో నంద్యాల వంటి పట్టణాల ఇళ్ళకు ఎక్కువగా చేరినవి దాని అనుకరణలే. వేసవి సెలవులలో వీథిలోని పిల్లలందరూ ఒక్క ఇంటి ముందర చేరేవారంటే ఆ ఇంట యంత్రం ఉన్నట్లే లెక్క.

ఒక ఆటకు విలువ ఎందుకు కలుగుతుంది? ఆట బాగుండడం వల్లనే అనుకుంటే పొరపాటు. 1987లో బందాయ్ సంస్థ అమెరికాలో 'స్టేడియం ఈవెంట్స్' అనే పరుగుపందెపు ఆటను విడుదల చేసింది. నేలపై పరచిన చాపవంటి సాధనం మీద పాదాలతో పరుగెత్తుతూ దానిని ఆడాలి. మరుసటి ఏడు ఆ చాప హక్కులను నింటెండో కొనుక్కొని, అదే ఆటను 'వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్' అనే పేరుతో మళ్ళీ విడుదల చేసింది. పాత పేరుతో ఉన్న ప్రతులు అంగళ్ళ నుండి తొలగిపోయాయి. నేడు కొత్త పేరు గల ప్రతి స్వల్పమూల్యానికే దొరుకుతుంది. పాత పేరు గల ప్రతి కోసం సంగ్రాహకులు వేల డాలర్లు వెచ్చిస్తున్నారు. ఆట ఒక్కటే, భేదమంతా పై చీటీలో ఉంది! 1990లో జరిగిన నింటెండో పోటీల కార్ట్రిడ్జులు కూడ ఇటువంటివే. బూడిదరంగువి 90, బంగారు రంగువి 26 మాత్రమే వెలువడ్డాయి.

అరుదైన వస్తువుకే అధిక మూల్యమన్న నియమం కూడ అన్నివేళలా నిలవదు. 1996 నాటి 'సూపర్ మారియో 64' కోటికి పైగా అమ్ముడయిన ఆట. దాని ప్రతి ఒకటి 2021 జూలైలో అమెరికాలోని వేలంలో 15,60,000 డాలర్లు పలికింది. అప్పటి మారకం ప్రకారం అది పదకొండు కోట్ల రూపాయల పైమాట. ఆ ప్రతిని ఎవరూ విప్పలేదు, పై పొర చిరగలేదు. అదే దాని ఘనత. ఇది వెఱ్ఱి అనిపించినా ఇందులో ఒక తర్కం లేకపోలేదు. పిల్లల చేతికిచ్చిన ఆటవస్తువు చెడకుండా మిగలడం కన్న అరుదైనది మరొకటి లేదు గదా!

నావంటి ప్రాచీన సాహిత్య విద్యార్థికి ఇక్కడ ఒక చిక్కు తోస్తుంది. నన్నెచోడుని 'కుమారసంభవము' శతాబ్దాల పాటు మరుగున పడి ఉండగా, మానవల్లి రామకృష్ణకవి తంజావూరు గ్రంథాలయంలో దాని తాళపత్రప్రతిని గుర్తించి 1909లో ప్రకటించారు. ప్రతిని విప్పి చదివి అచ్చు వేసినందువల్లనే ఆ కావ్యం మనకు దక్కింది. గేము సంగతి ఇందుకు విరుద్ధం. విప్పితే ధర పడిపోతుంది, విప్పకపోతే ఆట ఎవరికీ దక్కదు. పైగా అది నిశ్చలంగా ఉన్నట్లు కనిపించినా లోపల క్షీణిస్తూనే ఉంటుంది. ఆటగాని పురోగతిని గుర్తుంచుకొనే కొన్ని కార్ట్రిడ్జులలో చిన్న బ్యాటరీ ఉంటుంది. అది కొన్నేళ్ళకు నిర్జీవమవుతుంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేములలో నూటికి 87 నేడు అంగట్లో ఏ రూపంలోనూ లభించడం లేదని 2023లో అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ తేల్చింది. ఆటను బ్రతికించాలనుకొనే వారికీ, పెట్టెను కాపాడాలనుకొనే వారికీ పొత్తు కుదరడం కష్టం. నా పక్షపాతం మొదటివారి వైపే.

పారవేసినదే నిధి కావడం కూడ ఈ రంగంలో జరిగింది. అటారీ సంస్థ 1982లో చేసిన 'ఇ.టి.' ఆట ఘోరంగా విఫలమైంది. మరుసటి ఏడు ఆ సంస్థ తన సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో చెత్తదిబ్బలో పూడ్చింది. 2014 ఏప్రిల్‌లో ఆ దిబ్బను త్రవ్వగా సుమారు 1,300 కార్ట్రిడ్జులు బయటపడ్డాయి. వాటిలో కొన్నింటిని వేలం వేస్తే లక్ష డాలర్లకు పైగా వచ్చింది.

మా చిన్నతమ్ముని కోసం నాన్నగారు నంద్యాలలో కొన్న యంత్రం కూడ అనుకరణే. తమ్ముడు పదవ తరగతికి రాగానే అమ్మ దానిని కార్ట్రిడ్జులతో సహా పాతసామాన్లవానికి వేసి ఎర్రగడ్డలు తీసుకుంది. అట్టపెట్టె మాత్రం ఆళ్ళగడ్డ ఇంట్లో నిలిచిపోయింది, జాతకాలు దాచడానికి అనువుగా ఉన్నదని. యంత్రాలకన్న వాటి పెట్టెలే అరుదని ఎక్కడో విన్న తమ్ముడు మొన్న సంక్రాంతికి వచ్చి దానిని అడిగాడు. అమ్మ జాతకాలన్నీ గుడ్డలో మూటగట్టి, పెట్టె దులిపి ఇచ్చింది. ఒక మూల చెదలు తిన్నాయి.