ఒడి చాలని చోటు

కారులో చంటిపిల్లల కోసం తయారైన మొదటి సీట్లకు భద్రతతో సంబంధం లేదు. 1930లలో అమెరికాలో బన్నీ బేర్ అనే కంపెనీ అమ్మిన సీటు పిల్లవాణ్ని కాస్త ఎత్తులో కూర్చోబెట్టేది, అంతే. వాడికి కిటికీలోంచి బయట కనిపించాలి, ముందున్న అమ్మానాన్నలకు వాడు కనిపించాలి, కారంతా పాకకుండా ఒకచోట ఉండాలి. 1940లలో వచ్చినవి ఇంకా తేలిక. ఇనప చట్రానికి కాన్వాసు గుడ్డ తొడిగి, రెండు కొక్కేలతో ముందు సీటు వీపుకు తగిలించేవారు. కొన్నింటికి బొమ్మ స్టీరింగు కూడా ఉండేది. ఢీకొన్నప్పుడు ఆ కొక్కేలు ఊడితే బిడ్డ ఏమవుతుందని అడిగినవాళ్లు తక్కువ. అప్పటికి పెద్దవాళ్లకే సరైన బెల్టు లేదు.

సీటు లేని ఇళ్లలో పిల్లలు ఒడిలో ఉండేవారు. మన దగ్గర ఇప్పటికీ ఎక్కువమంది అక్కడే ఉన్నారు. కాబట్టి ముందు ఒడి సంగతి తేల్చుకోవాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గోడను గుద్దుకుని, ముందుభాగం అరమీటరు నలిగి ఆగిందనుకుందాం. ఇదంతా సెకనులో పధ్నాలుగో వంతులో ముగిసిపోతుంది. అంతసేపట్లో 10 కిలోల బిడ్డను ఆపాలంటే దాదాపు 200 కిలోల బరువును నిలబెట్టేంత బలం కావాలి. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది. ఏ తల్లి చేతులూ అంత బలాన్ని ఆపలేవు. అసలు కండరం బిగుసుకునే లోపే అంతా అయిపోతుంది. తల్లి బెల్టు పెట్టుకోకపోతే మరీ ఘోరం. ఆమె ఒంటి బరువు కూడా బిడ్డ మీదే పడి, ఆమెకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య బిడ్డ నలిగిపోతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టుకున్నా జరిగేది అదే.

1959లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ మూడుచోట్ల బిగించే బెల్టును తెచ్చాడు. అంతకుముందు ఆయన సాబ్ కంపెనీలో యుద్ధవిమానాల నుంచి పైలట్లను బయటికి విసిరే సీట్ల మీద పనిచేశాడు. ఆయన బెల్టు ఢీకొన్న దెబ్బను ఒంట్లో గట్టి చోట్లకు పంచుతుంది: తుంటి ఎముకలు, ఛాతీ, భుజం. పెద్దవాళ్లకు అది ప్రాణదానమే. పసిపిల్లల దగ్గర మాత్రం ఆ లెక్క కుదరదు. వాళ్ల తుంటి ఎముక అంచు ఇంకా సరిగ్గా ఏర్పడదు, నడుము పట్టీ దాని మీద నిలవకుండా మెత్తటి పొట్ట మీదికి జారుతుంది. పై పట్టీ మెడకు తగులుతుంది. పుట్టిన బిడ్డ పొడవులో తల ఒక్కటే నాలుగో వంతు. దాన్ని మోసే మెడ వెన్నుపూసలు ఇంకా పూర్తి ఎముకలు కావు, మృదులాస్థితో అతుక్కుని ఉన్న ముక్కలు. మొండెం పట్టీకి ఆగి తల ముందుకు విసిరినట్టు పోతే వెన్నుపాము సాగి తెగే ప్రమాదం ఉంది. పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు కారు. ఈ యంత్రం కథ మలుపు తిరిగింది ఈ సంగతి గుర్తించాకే.

1962లో ఇద్దరు వేర్వేరు చోట్ల పనికి దిగారు. అమెరికాలో డెన్వర్‌కు చెందిన లెనార్డ్ రివ్‌కిన్ లోహపు చట్రంతో సీటు రూపొందించాడు. బ్రిటన్‌లో జీన్ ఏమ్స్ వై ఆకారపు పట్టీ ఉన్న, వెనక్కి తిరిగిన సీటును తయారుచేశారు. అసలు కారణాన్ని శాస్త్రంగా పట్టుకున్నది మాత్రం స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్. ఆయన వైద్యుడు, తర్వాత గోథెన్‌బర్గ్‌లో చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అమెరికా జెమిని వ్యోమగాములు రాకెట్ బలాన్ని తట్టుకోవడానికి వెల్లకిలా పడుకుని, ఆ బలాన్ని వీపంతా పరచి తీసుకోవడం ఆయన్ను ఆలోచింపజేసింది. బిడ్డను కూడా కారు వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చోబెడితే? ఢీకొన్నప్పుడు తల, మెడ, వీపు ఒక్కటిగా సీటు గుల్లలోకి ఒరుగుతాయి. మెడ ఒంటరిగా సాగదు. 1964లో ఆయన నమూనాను వోల్వో కారులో పరీక్షించారు. 1967లో వోల్వో తన అమెజాన్ కారులో ముందు ప్రయాణికుడి సీటునే వెనక్కి తిప్పి బిగించే వీలు కల్పించింది, 1972లో విడి సీటు తెచ్చింది. స్వీడన్‌లో నాలుగేళ్ల వయసు దాకా పిల్లల్ని వెనక్కి తిప్పే కూర్చోబెట్టే అలవాటు అక్కడి నుంచి వచ్చిందే. నాకు ఈ యంత్రం మొత్తంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ తిప్పడమే. కొత్త లోహం లేదు, కొత్త స్ప్రింగు లేదు, దిక్కు ఒక్కటే మారింది.

సీటు పట్టనంతగా ఎదిగి, ఇంకా బెల్టుకు అందని పిల్లలు మిగిలారు. వాళ్ల కోసం వోల్వో 1978లో బూస్టర్ దిండు తెచ్చింది. బిడ్డను నాలుగు అంగుళాలు పైకి లేపితే చాలు, నడుము పట్టీ తొడల మీదికి, పై పట్టీ భుజం మధ్యకు వస్తాయి. చూడ్డానికి పీట లాంటిదే కానీ పెద్దవాళ్ల బెల్టును పిల్లల ఒంటికి అమర్చేది అదే.

యంత్రం సిద్ధమైనా ఒడి ఊరుకోలేదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు, ఆయన భార్య పాట్ కలిసి ఏళ్ల తరబడి శాసనసభ్యుల్ని వెంటబడి ఒప్పించగా, పిల్లలకు కారు సీటు తప్పనిసరి చేసే చట్టం 1977లో గట్టెక్కింది, 1978 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. కానీ సభ అందులో ఒక మినహాయింపు చొప్పించింది: బిడ్డ పెద్దవాళ్ల చేతుల్లో ఉంటే సీటు అక్కర్లేదట. శాండర్స్ పక్షంవాళ్లు దానికి పిల్లల్ని నలిపే సవరణ అని పేరు పెట్టారు. దాన్ని తీసేయించడానికి 1981 దాకా పట్టింది. 1985కల్లా అమెరికాలో అన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేశాయి. సీట్ల నాణ్యతా అంతే ఆలస్యంగా వచ్చింది. 1971లో వచ్చిన తొలి ప్రమాణం సీటును గుద్ది చూడమని అడగనేలేదు. గంటకు 48 కిలోమీటర్ల వేగానికి సమానమైన పరీక్ష 1981లో గానీ తప్పనిసరి కాలేదు. ఫలితం దండిగానే ఉంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్క ప్రకారం, కార్లలో ఏడాది లోపు పిల్లల మరణాల ముప్పును సీటు 71 శాతం తగ్గిస్తుంది, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకు 54 శాతం.

1990లలో ఒక యంత్రానికి ఇంకో యంత్రం శత్రువైంది. ముందు ప్రయాణికుడి ఎదుట ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. రెప్పపాటు కన్నా వేగంగా విచ్చుకునే ఆ సంచి, వెనక్కి తిరిగిన సీటు వీపు మీద, అంటే సరిగ్గా బిడ్డ తల వెనక గుద్దుతుంది. మామూలుగా బతికి బయటపడాల్సిన చిన్న ప్రమాదాల్లో పసివాళ్లు చనిపోయారు. సన్‌వైజర్ మీద మనం చూసే హెచ్చరిక స్టిక్కర్ వెనక ఉన్నవి ఆ చావులే.

మిగిలింది బిగింపు. బెల్టుతో సీటు కట్టడం కనిపించినంత సులువు కాదు. పట్టీ తప్పుదారిలో పోతుంది, వదులుగా మిగులుతుంది, కట్టినవాళ్లకు ఆ సంగతి తెలియదు. దానికి విరుగుడుగా 1999లో ఐసోఫిక్స్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది. వెనక సీటు దిండుకూ వీపుకూ మధ్య సందులో చెయ్యి పెడితే తగిలే రెండు 6 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలే దానికి ఆధారం. రెండింటి మధ్య దూరం 280 మిల్లీమీటర్లు, ఏ కంపెనీ కారైనా ఇదే కొలత. సీటు కొండ్లు వాటిలో టక్కుమని పడతాయి. సీటు ముందుకు దొర్లకుండా పైనుంచి ఒక పట్టీనో, కింద నేలకు ఆనే కాలో ఉంటుంది. 2013లో యూరప్‌లో మొదలైన ఐ-సైజ్ నిబంధన బరువును వదిలి పిల్లల ఎత్తును లెక్కలోకి తెచ్చింది, పదిహేను నెలల దాకా వెనక్కి తిరిగి కూర్చోవడం తప్పనిసరి చేసింది.

అమెరికాలో కాన్పుసాయానికి వెళ్లివచ్చిన మన అమ్మమ్మలకు, నానమ్మలకు ఈ సీటు తెలుసు. అక్కడ చాలా ఆసుపత్రుల్లో కారు సీటు ఉందని చూశాకే బిడ్డను ఇంటికి పంపుతారు. అదే బిడ్డ సెలవులకు వచ్చి శంషాబాద్‌లో దిగి, అద్దెకారు ఎక్కగానే ఒడిలోకి వెళ్తుంది. గురుత్వం, వేగం రెండు దేశాల్లోనూ ఒకటే అయినప్పుడు ఇది నాకు కడుపు తరుక్కుపోయే సంగతి. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణలో 194బి సెక్షన్ పధ్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ ఉండాలంది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. మూడేళ్ల పిల్లకూ పదమూడేళ్ల పిల్లవాడికీ పెద్దవాళ్ల బెల్టుతో ఒకే గాటన కట్టడం మాత్రం సరికాదు. చిన్నదాని పొట్టకు ఆ పట్టీ ఏం చేస్తుందో పైన చూశాం.

కార్లను గుద్ది చూసి భద్రతకు మార్కులిచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చి ఈ విషయంలో మేలు చేసింది. కారు కొనేటప్పుడు మనం మైలేజీ, టచ్‌స్క్రీన్ సైజు అడుగుతాం. ఇకమీదట పెద్దల భద్రతకు 32లో ఎన్ని, పిల్లల భద్రతకు 49లో ఎన్ని అని అడగవచ్చు. ఆ 49లో 24 మార్కులు ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల డమ్మీలను సీట్లలో కూర్చోబెట్టి గుద్దించి ఇచ్చేవి. 12 మార్కులు రకరకాల సీట్లు ఆ కారులో సరిగ్గా బిగుస్తాయా అని చూసి ఇచ్చేవి. మిగతా 13 కారులోని ఏర్పాట్లకు. షోరూములో వెనక సీట్లో కూర్చుని ఆ రెండు కడ్డీలు చేతికి తగులుతున్నాయా, పై పట్టీ తగిలించే కొక్కెం సీటు వీపు వెనక ఉందా, మధ్యలో కూర్చునేవాళ్లకూ మూడుచోట్ల బిగించే బెల్టు ఉందా చూడాలి. ముందు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగును ఆపే స్విచ్ ఉందో లేదో అడగాలి. అది లేని కారులో వెనక్కి తిరిగిన సీటును ఎప్పుడూ వెనకే బిగించాలి.