వెతుకులాటకే కరిగిపోయే ఛార్జింగ్

రెండున్నర గంటల సినిమా చూపించినా నిమ్మళంగా ఉండే ఫోన్, వీడియో కాల్ కలిపిన పావుగంటకే అరచేతిలో వెచ్చబడుతుంది. సినిమాను ఎవరో ముందే కుదించి ఉంచారు, ఫోన్ దాన్ని విప్పి చూపిస్తే చాలు. కాల్‌లో కెమెరా, రేడియో తినే కరెంటుకు తోడు కుదించే చాకిరీ కూడా ఫోన్ మీదే పడుతుంది.

కుదించకుండా కుదరదు. 1920 × 1080 చుక్కల బొమ్మలు సెకనుకు 30 చొప్పున వస్తుంటే సెకనుకు 93 మెగాబైట్లు పోగవుతాయి. 4.7 గిగాబైట్ల డీవీడీ నిమిషంలోపే నిండిపోతుంది.

అయితే ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మారేది కొంచెమే. వెనక గోడా, దానిమీది క్యాలెండరూ ఉన్నచోటే ఉంటాయి, తల కాస్త జరుగుతుంది. అందుకని ఫ్రేమును 16 × 16 చుక్కల గళ్లుగా కోసి, ‘ఈ గడి కిందటి ఫ్రేములో ఫలానా చోట ఉంది’ అని రాసి, మిగిలిన తేడా మాత్రం పంపుతారు. ఆ ఫలానా చోటు పట్టుకోవడంలోనే ఛార్జింగ్ కరిగిపోతుంది. చుట్టూ 16 చుక్కల మేర వెతకాలంటే 33 × 33, అంటే 1,089 చోట్ల పోల్చాలి. ఒక్కో పోలికకు 256 తీసివేతలు. ఫ్రేములో గళ్లు 8,160. వెరసి సెకనుకు 6,800 కోట్ల తీసివేతలు!

ఇంత మొండిగా ఏ ఫోనూ వెతకదు లెండి. గోడలాంటి గడి ఉన్నచోటే సరిపోతే ‘మారలేదు’ అని ఒక్క గుర్తు పెట్టి వదిలేస్తుంది. (నడుస్తూ మాట్లాడేవారి ఫోన్‌కు ఈ వెసులుబాటు తక్కువ, వాళ్ల గోడలూ నడుస్తుంటాయి.) మిగతా గళ్లకు 1981లో జపాన్ ఇంజనీర్లు చెప్పిన మూడంచెల పద్ధతి లాంటివి ఉన్నాయి. ముందు దూరదూరంగా తొమ్మిది చోట్ల చూడాలి, బాగా కలిసినచోటికి జరగాలి, ఈసారి సగం దూరంలో చూడాలి. చుట్టూ 7 చుక్కల మేర వెతకడానికి 225 పోలికలు పట్టే పని 25తో ముగుస్తుంది. ఒక్కోసారి తప్పు చోట ఆగిపోతుంది కూడా. అప్పుడు తేడా ఎక్కువ మిగిలి, పంపాల్సిన బిట్లు పెరిగి, ఇక్కడ మిగిల్చిన కరెంటును రేడియో లాగేసుకుంటుంది. సిగ్నల్ సరిగా అందని చోట ఒక్కో బిట్టు పంపడం మరీ ఖరీదు, కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ వెతకడమే లాభం.

ఇక చిప్పు సంగతి. అది తినే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీ తగ్గిస్తే పని నెమ్మదిస్తుంది. చెన్నైలో పుట్టిన అనంత చంద్రకాసన్, 1992లో బర్కిలీలో తన సహచరులతో కలిసి దీనికో దారి చూపారు. ఒకే సర్క్యూట్‌ను పరిగెత్తించే బదులు రెండింటిని సగం వేగంతో నడిపితే 5 వోల్టులు 2.9కి దిగుతాయి, ఖర్చు 36 శాతానికి పడిపోతుంది. ఆదరాబాదరాగా ఉరికే ఒక్క కూలీకన్నా తాపీగా పనిచేసే ఇద్దరు తక్కువ తింటారన్నమాట. చిప్పు మీద జాగా మాత్రం 3.4 రెట్లు కావాలి. తర్వాతి ఏళ్లలో ఆ జాగా చవకైనంత వేగంగా బ్యాటరీ బలపడలేదు. ఇప్పటి ఫోన్ చిప్పుల్లో వీడియో కుదింపుకే ఒక మూల విడిగా కేటాయించి ఉంటుంది.